పెరియార్ నీళ్లకు ఎదురెక్కి ఇడుక్కి దాకా

గురువారం: ఆలువా, తొడుపుళ

కేరళలోని ఇడుక్కి డ్యామ్‌ను ఎక్కువమంది మున్నార్ ట్రిప్‌లో ఒక పూట కలుపుకుని చూస్తారు. పైన ఎక్కడో ఆగి, రెండు కొండల మధ్య తెల్లటి గోడని ఫొటో తీసుకుని వెళ్లిపోతారు. మేం కింది నుంచి మొదలుపెట్టాం. ఆ ఆలోచన మా చిన్నాయనది. శ్రీశైలం కుడిగట్టు పవర్‌హౌస్‌లో ఉద్యోగం చేసి రిటైరైన మనిషి. "నీళ్ల సంగతి తెల్సుకోవాలంటే తూము కాడ నిలబడాల పాపా, కట్ట మీద కాదు" అన్నాడు. అందుకే డ్యామ్ దగ్గరికి నేరుగా పోకుండా, ఆ నీళ్లు ఎక్కడెక్కడికి పోతున్నాయో చూసుకుంటూ ఎదురెక్కుదామని బయల్దేరాం.

డిసెంబరు కాబట్టి శబరి ఎక్స్‌ప్రెస్ నిండా అయ్యప్ప స్వాములే. మాతోపాటు ఆలువాలో దిగినవాళ్లు తక్కువ. స్టేషన్ నుంచి కొంచెం దూరంలోనే పెరియార్. కేరళలో అన్నిటికన్నా పొడవైన నది, 244 కిలోమీటర్లు. ఆలువా మణప్పురం అంటే నది మధ్య ఇసుక మేట. శివరాత్రికి వేలమంది అక్కడే పితృతర్పణాలు ఇస్తారు. వానాకాలంలో నది పొంగితే ఇసుక మీది శివాలయం నీళ్లలో మునుగుతుంది. ఇంకొంచెం ఎగువన ఇదే నది ఒడ్డున కాలడి, ఆదిశంకరులు పుట్టిన ఊరు.

చిన్నాయన రేవులో దిగి, కాళ్లు తడుపుకుని, ఒక దోసెడు నీళ్లు తల మీద చల్లుకున్నాడు. నది వెడల్పుగా, నెమ్మదిగా పోతోంది. ఇడుక్కి డ్యామ్ ఈ నది మీదే కట్టారు. కానీ డ్యామ్ వెనక ఆగి కరెంటు చేసిన నీళ్లు మళ్లీ ఈ రేవుకు రావు. అవి వేరే నదిలో పడతాయి. ఈ ఒక్క విషయం మనసులో పెట్టుకుంటే తర్వాత చూసేదంతా వేరేగా కనిపిస్తుంది.

మధ్యాహ్నం మూవాట్టుపుళ మీదుగా తొడుపుళ బస్సు పట్టుకున్నాం. కిటికీలకు అద్దాలు లేవు, వాన వస్తే దించుకునే పరదాలున్నాయి. దారంతా రబ్బరు తోటలు. ప్రతి ఇంటి ముందూ క్రిస్మస్ నక్షత్రం వేలాడుతోంది. రాత్రి తొడుపుళలో ఉడకబెట్టిన కర్రపెండలం, ఎర్రటి చేపల పులుసు. కర్రపెండలాన్ని వాళ్లు కప్ప అంటారు. చిన్నాయనకు పులుసులో కుడంపులి పులుపు నచ్చలేదు, నాకు బాగా నచ్చింది.

శుక్రవారం: మలంకర, మూలమట్టం, నాడుకాణి, కుళమావు

పొద్దున్నే ముట్టం దగ్గర మలంకర డ్యామ్ చూసి మూలమట్టం వెళ్లాం. మలంకర చిన్నదే. కానీ దాని వెనక నిలిచిన నీళ్లలో ఎక్కువ భాగం తొడుపుళ ఏటి సొంత నీళ్లు కావు. పైనున్న కొండ లోపలి నుంచి వచ్చినవి. పెరియార్ మీద ఆపిన నీళ్లు కొండ కింద సొరంగంలో దూరి, మూలమట్టంలో టర్బైన్లు తిప్పి, తొడుపుళ ఏట్లో పడి, మూవాట్టుపుళ నదిగా సముద్రానికి పోతాయి. నడివేసవిలో కూడా తొడుపుళ ఏరు ఎండదంటే కారణం ఇదే. ఈ నీళ్లతోనే మూవాట్టుపుళ లోయలో కాలువల కింద వ్యవసాయం చేస్తున్నారు.

మూలమట్టం పవర్‌హౌస్ కొండ కడుపులో ఉంది. బయటి నుంచి కనిపించేది స్విచ్‌యార్డు, టవర్లు, కొండ వాలులోకి పోయే దారి, గేటు, కాపలా. మామూలు సందర్శకులను లోపలికి రానివ్వరు. అందుకే మేం నీళ్లు బయటికొచ్చే కాలువ దగ్గరికి వెళ్లాం.

అక్కడ చాలాసేపు నిలబడ్డాం. నీళ్లు పచ్చగా, నురగ లేకుండా, బలంగా పోతున్నాయి. కొండ మీద నుంచి దూకి వచ్చిన నీళ్లలా లేవు, ఎవరో నెడుతున్నట్టు ఒకే ఊపున వస్తున్నాయి. చెయ్యి పెడితే చల్లదనం ఎముకకు తగిలింది. పక్కనే మలయాళంలో, ఇంగ్లీషులో హెచ్చరిక బోర్డులు. పైన మిషన్లు ఆడించడం మొదలుపెడితే నీటిమట్టం ఉన్నట్టుండి పెరుగుతుంది. వలియార్, నచ్చార్ వాగులు ఈ నీళ్లతో కలిసే చోటుని స్థానికులు త్రివేణి సంగమం అంటారు. చూడ్డానికి ఎంత ప్రశాంతంగా ఉంటుందో ఈతకు అంత ప్రమాదం. చూసి రావాలి తప్ప దిగకూడదు.

చిన్నాయన అక్కడే లెక్క మొదలుపెట్టాడు. ఆయన పనిచేసిన శ్రీశైలం కుడిగట్టులో 110 మెగావాట్లవి ఏడు యూనిట్లు, మొత్తం 770 మెగావాట్లు. మూలమట్టంలో 130 మెగావాట్లవి ఆరు, మొత్తం 780. దాదాపు సమానం. కానీ శ్రీశైలంలో నీళ్లు పడే ఎత్తు ఎనభై మీటర్ల పైచిలుకు. ఇక్కడ సుమారు 660 మీటర్లు. అంటే అదే కరెంటుకి ఇక్కడ ఎనిమిదో వంతు నీళ్లు చాలు. శ్రీశైలంలో ఫ్రాన్సిస్ టర్బైన్లు. నీళ్లు చక్రం అంతటా నిండి తిప్పుతాయి. ఇంత ఎత్తు నుంచి వచ్చే ఒత్తిడికి పెల్టన్ చక్రం కావాలి. నాజిల్ నుంచి నీళ్లు సన్నటి ధారగా దూసుకొచ్చి, చక్రం అంచున వరసగా బిగించిన గిన్నెల్లాంటి బకెట్లను కొడతాయి. "ఆ ధారకు మనిషి చెయ్యి అడ్డం పెడితే చెయ్యుండదు" అన్నాడు. ముప్పై ఏళ్లు మిషన్ల దగ్గర ఉన్న మనిషి ఆ మాట చాలా మామూలుగా చెప్పాడు. నాకు మాత్రం అప్పటి నుంచి ఆ పచ్చటి నీళ్లను చూస్తే కొంచెం భయం కూడా కలిసింది.

అరక్కుళం దాటాక ఘాట్ రోడ్డు. హెయిర్‌పిన్ మలుపులు ఒకదాని మీద ఒకటి. బస్సు డ్రైవర్ హారన్ మీద చెయ్యి తీయకుండా ఎక్కించాడు. చెవులు దిబ్బడేశాయి. మలుపు తిరిగిన ప్రతిసారీ మూలమట్టం ఊరు ఇంకాస్త చిన్నదవుతోంది. మేం ఎక్కుతున్న ఈ ఎత్తంతా నీళ్లు కొండ లోపల దిగుతున్నాయి. నాడుకాణి దగ్గర దిగి, కొండ అంచున ఉన్న పెవిలియన్ నుంచి కిందకి చూశాం. పొద్దున నిలబడిన కాలువ ఒక పచ్చటి గీత. పవర్‌హౌస్ ఉన్నది మా కాళ్ల కిందున్న ఈ కొండలోనే. 660 మీటర్లంటే ఎంతో కాగితం మీద చదివినప్పుడు అర్థం కాలేదు. ఇక్కడ నిలబడ్డాక అయింది.

సాయంత్రానికి కుళమావు. ఇడుక్కి జలాశయాన్ని ఆపేది ఒక్క ఇడుక్కి డ్యామే అనుకుంటాం. నిజానికి మూడు డ్యాములు కలిసి ఆపుతున్నాయి. పెరియార్ మీద ఇడుక్కి ఆర్చ్ డ్యామ్. దానికి కిలోమీటరు దూరంలో చెరుతోణి ఏటి మీద చెరుతోణి డ్యామ్. ఇక్కడ, ఇరవై కిలోమీటర్లకు పైగా ఇవతల, కిళివళ్ళితోడు అనే వాగు మీద కుళమావు డ్యామ్. ఈ మూడింటిలో ఏ ఒక్కటి లేకపోయినా నీళ్లు ఆ సందులోంచి జారిపోతాయి. పవర్‌హౌస్‌కి నీళ్లు తీసుకునేది కుళమావు వైపు నుంచే. డ్యామ్ మీదుగానే రోడ్డు పోతుంది, బస్సులు తిరుగుతాయి, కానీ ఆగి ఫొటోలు తీయనివ్వరు. ఎడమ పక్కన జలాశయం అడవి అంచుల దాకా పరుచుకుని ఉంది. పేరుకి ఇడుక్కి ప్రాజెక్టు అయినా నీళ్లు పని మీద బయల్దేరేది ఇక్కణ్ణుంచే. మున్నార్ నుంచి వచ్చి గోడ ఒక్కటే చూసి వెళ్లేవాళ్లకు ఈ ఊరి పేరు కూడా తెలియదు.

చీకటి పడ్డాక పైనావు చేరాం. ఇది జిల్లా కేంద్రం, కానీ అడవి మధ్యలో నాలుగు ఆఫీసులు, కొన్ని కొట్లు. చలి బాగా ఉంది. గదికి ఇచ్చిన కంబళి చాల్లేదు.

శనివారం: డ్యామ్

డ్యామ్ మీదికి రోజూ రానివ్వరు. మేం వెళ్లినప్పుడు శని, ఆదివారాల్లో అనుమతి ఉంది. వెళ్లే ముందు ఒకసారి కనుక్కోవడం మంచిది. ఫోన్లు, కెమెరాలు లోపలికి పట్టుకెళ్లకూడదు, గేటు దగ్గరే అప్పగించాలి. నడవనివ్వరు, బ్యాటరీ బండిలో తీసుకెళ్తారు. ఫోన్ లేకపోవడం నాకు మేలే చేసింది. చూడ్డం తప్ప వేరే పని లేకపోయింది.

ముందు చెరుతోణి డ్యామ్ వస్తుంది. ఇది మనకు అలవాటైన రకం. గ్రావిటీ డ్యామ్. 138 మీటర్ల ఎత్తు, 650 మీటర్ల పొడవు, తన బరువుతోనే నీళ్లను నిలబెడుతుంది. నాగార్జునసాగర్, శ్రీశైలం కూడా ఆ కుదురువే. గేట్లు ఇక్కడే ఉన్నాయి, ఐదు. చిన్నాయన గేట్లను, వాటిని లేపే ఏర్పాటుని శ్రద్ధగా చూశాడు. తర్వాత బండి కురవన్ కొండ పక్క నుంచి తిరిగి ఆర్చ్ డ్యామ్ మీదికి వచ్చింది.

"గేట్లు యాడుండాయి పాపా?"

లేవు. ఇడుక్కి డ్యామ్‌కి ఒక్క గేటు కూడా లేదు. నీళ్లు పొంగినా దీని మీద నుంచి దూకవు. మిగులు నీళ్లన్నీ చెరుతోణి నుంచే పోవాలి. పన్నెండు గేట్లెత్తిన శ్రీశైలాన్ని ఏటేటా చూసిన మనిషికి గేట్లు లేని డ్యామ్ కొత్త. ఆయన రెయిలింగ్ పట్టుకుని చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.

పెరియార్ ఇక్కడ రెండు రాతి కొండల మధ్య ఇరుకు సందులోంచి పోయేది. ఒక పక్క కురవన్ కొండ, సముద్రమట్టం నుంచి 839 మీటర్లు. రెండో పక్క కురత్తి కొండ, 925 మీటర్లు. ఆలుమగలు శాపం తగిలి కొండలయ్యారని, మనుషుల చేతుల మీదుగానే మళ్లీ కలుస్తారని ఇక్కడివాళ్లు చెప్పుకునే కథ. ఆ సందుని మూసిన గోడ ఎత్తు దాదాపు 169 మీటర్లు, అంటే 554 అడుగులు. శ్రీశైలం 145 మీటర్లు, సాగర్ 125 మీటర్లకు కొంచెం తక్కువ. పైన పొడవు సుమారు 366 మీటర్లే. మనదేశంలో కట్టిన తొలి ఆర్చ్ డ్యామ్ ఇది.

నన్ను కట్టిపడేసింది దీని మందం. పైన మేం నిలబడ్డ చోట 7.62 మీటర్లు. అడుగున, 169 మీటర్ల కింద, 19.81 మీటర్లు. అంతే. ఇదే ఎత్తుకి గ్రావిటీ డ్యామ్ కట్టాలంటే అడుగున నూరు మీటర్లకు పైగా వెడల్పు పెట్టాల్సి వచ్చేది. ఈ గోడ నీళ్లను బరువుతో ఆపదు. వంపుతో ఆపుతుంది. నీళ్లవైపు ఉబికి ఉన్న వంపు మీద ఒత్తిడి పడగానే దాన్ని రెండు పక్కలకూ పంపించి కొండలకు అప్పజెబుతుంది. కురవన్, కురత్తి గట్టి రాయి కాకపోతే ఈ డ్యామ్ లేదు. అందుకే ఎక్కడ పడితే అక్కడ ఆర్చ్ డ్యామ్ కట్టలేరు. కృష్ణ మీద సాగర్ కట్టిన నందికొండ దగ్గర లోయ వెడల్పు. అక్కడ ఈ ఉపాయం పారదు.

చిన్నాయన మాత్రం తన భాషలో తేల్చేశాడు. "మనూళ్లో బావికి సుట్టూ రాతి కట్టడం కడతారు సూడు. మన్ను నెట్టేకొద్దీ రాళ్లు ఒకదాన్నొకటి బిగబట్టుకుంటాయి గానీ లోపలికి పడవు. ఆ కట్టడంలో ముక్క కోసి నిలబెట్టినారు ఈళ్లు." బండిలో మా వెనక కూర్చున్న తమిళ కుటుంబానికి కూడా ఆయన చేతులు తిప్పి చెప్పిన తీరుకే అర్థమైంది.

వంపు అడ్డంగానే కాదు, నిలువుగా కూడా ఉంది. రెండు వైపులా వంగిన గోడ. రెయిలింగ్ మీంచి కొంచెం వంగి కింది వైపు చూస్తే గోడ అడుగు కాళ్ల కింద ఉండాల్సిన చోట లేదు, పక్కకు జరిగి ఉంది. కాంక్రీటు మీద తెల్లటి చారలు, పాత వానల మరకలు, పోత పోసిన అచ్చుల గీతలు వరసగా పై నుంచి కింద దాకా. ఒకచోట సన్నటి పగులు పూడ్చిన గుర్తులో పిడికెడు నాచు పెరిగింది. దాన్ని ఒక పిల్లాడు చూపుడు వేలితో తాకి చేయి వాసన చూసుకున్నాడు. గాలి విపరీతంగా వీస్తోంది.

నీళ్లవైపు మా కింద కొద్ది మీటర్లలోనే ఆకుపచ్చటి నీళ్లు. రెండో వైపు నూటయాభై మీటర్లకు పైగా శూన్యం, దాని అడుగున పెరియార్ ఉండాల్సిన చోట బండరాళ్లు. రాళ్ల మధ్య అక్కడక్కడా మడుగులు. రాళ్ల మీద గడ్డి. ఇటు వెనక 60 చదరపు కిలోమీటర్ల జలాశయం, అటు ముందు ఎండిన నది. ఏడాదిలో దాదాపు అన్ని రోజులూ ఇంతే. తర్వాత పెరింజాంకుట్టి, ముదిరప్పుళ లాంటి ఏళ్లు వచ్చి కలిసి, పెరియార్ మళ్లీ నదిలా అయి ఆలువా వైపు పోతుంది. డ్యామ్ ఫొటోల్లో ఈ రాళ్లు ఎప్పుడూ కనిపించవు, ఎత్తుని చూపించడానికి గోడనే చూపిస్తారు. నాకు ఈ రాళ్ల దగ్గరే మనసు ఆగింది. కరెంటుకి మనం ఇచ్చే ధరలో ఒక నది ముక్క కూడా ఉంది. దాన్ని చూడకుండా డ్యామ్ చూశామనడం సరి కాదు.

ఈ ఎండిన పెరియార్ లోయ మళ్లీ నిండుగా పారింది 2018 ఆగస్టులో. ఇడుక్కి పూర్తి మట్టం సముద్రమట్టం నుంచి 2403 అడుగులు. ఆ ఏడు వానలకు నీళ్లు దాని దగ్గరికి వచ్చేశాయి. బ్లూ అలర్ట్, ఆరెంజ్ అలర్ట్, రెడ్ అలర్ట్ అంటూ రోజూ అడుగుల లెక్క చెప్పుకున్నారు. ఆగస్టు 9న చెరుతోణిలో ఒక గేటు ఎత్తారు. 1992 తర్వాత, 26 ఏళ్లకు. మర్నాటికి ఐదూ ఎత్తాల్సి వచ్చింది. ఎన్నో ఏళ్లుగా నీళ్లు చూడని చోట ఇళ్లు, కొట్లు కట్టుకున్నారు. చెరుతోణి ఊరి వంతెన మీద నుంచి నీళ్లు పారాయి. అక్కడి టీ కొట్టు ఆయన ఆ నీళ్లు ఎంత దాకా వచ్చాయో గోడ మీద చేత్తో చూపించాడు. ఆయన చెయ్యి నా తల కన్నా పైకి వెళ్లింది. ఏటి దారి ఏటిదేనని, గేటు మూసి ఉన్నా అక్కడ ఇల్లు కట్టకూడదని మా ప్రాంతంలో 2009 అక్టోబరు వరదకు కర్నూలు తెలుసుకుంది.

ఈ డ్యామ్ పని 1969 ఏప్రిల్ 30న మొదలైంది. కెనడా సాయం చేసింది, అక్కడి ఎస్ఎన్‌సీ ఇంజినీర్లు డిజైన్‌లో చేయి వేశారు. హిందుస్థాన్ కన్‌స్ట్రక్షన్ కంపెనీ కట్టింది. 1973లో నీళ్లు నింపడం మొదలుపెట్టారు. 1976 ఫిబ్రవరి 12న అప్పటి ప్రధాని ఇందిరాగాంధీ ప్రారంభించారు. ఆ రోజుల్లో ఈ అడవిలోకి సరైన రోడ్డు కూడా లేదు. ముందు రోడ్డు, తర్వాత యంత్రాలు, తర్వాత డ్యామ్. పనిలో ప్రాణాలు పోగొట్టుకున్న కూలీలు ఎందరో.

తిరిగి వచ్చేటప్పుడు చెరుతోణి దగ్గర కొలుంబన్ విగ్రహం ముందు ఆగాం. ఊరాళి గిరిజనుల పెద్ద ఆయన. స్వాతంత్ర్యానికి చాలా ముందు, మలంకర ఎస్టేట్ సూపరింటెండెంట్ డబ్ల్యూ.జె. జాన్ ఈ అడవికి వేటకొచ్చినప్పుడు దారి చూపించింది కొలుంబన్. కురవన్, కురత్తి కొండల మధ్య నది పోయే ఈ ఇరుకును చూపించింది ఆయనే. ఇక్కడ ఆపితే నీళ్లు నిలుస్తాయన్న ఆలోచన జాన్‌కు అక్కణ్ణుంచే వచ్చింది. సర్వేలు, నివేదికలు, విదేశీ ఇంజినీర్లు, అన్నీ ఆ తర్వాతే. వెళ్ళప్పార దగ్గర ఆయన సమాధి ఉంది. ఏ కొలతలూ లేకుండా ఈ లోయను గుండెల్లో పెట్టుకుని తిరిగిన మనిషి. డ్యామ్ చూసినవాళ్లంతా ఇక్కడ ఐదు నిమిషాలు ఆగాలని నా కోరిక. చిన్నాయన పక్క కొట్లో బంతిపూల దండ కొనుక్కొచ్చి మెట్టు మీద పెట్టాడు.

ఆదివారం: కాల్వరీ మౌంట్, అంజురుళి, అయ్యప్పన్‌కోవిల్

పొద్దున్నే కట్టప్పన బస్సులో కాల్వరీ మౌంట్. ఎక్కితే జలాశయం కింద చేతులు చాచినట్టు లోయల్లోకి చీలి ఉంది. మంచు కరిగే దాకా గంట ఆగాల్సి వచ్చింది. చూసి తీరాల్సిన చోటే, ఇంతకన్నా చెప్పడానికి లేదు.

అంజురుళి గురించి మాత్రం చెప్పాలి. కొండను తొలిచిన పెద్ద గుండ్రటి సొరంగం నోరు ఇక్కడ జలాశయంలోకి తెరుచుకుంటుంది. పొడవు సుమారు ఐదున్నర కిలోమీటర్లు. ఆ కొసన ఇరట్టయార్ డ్యామ్. అక్కడి ఏటి నీళ్లను కొండ కింద నుంచి మళ్లించి ఇడుక్కి జలాశయంలో కలుపుతున్నారు. సొరంగం లోపల నుంచి చల్లటి గాలి, నీళ్ల మోత కలిసి వస్తున్నాయి. గోడలు రాయి కోసిన గుర్తులతో కరుకుగా ఉన్నాయి. కొందరు కుర్రాళ్లు లోపలికి పోతుంటే అక్కడున్నాయన గట్టిగా కేకేసి వెనక్కి పిలిచాడు. లోపల గుంతలున్నాయి, కాలు జారితే చీకట్లో ఎవరూ కనుక్కోలేరు.

అయ్యప్పన్‌కోవిల్‌కి ఆటోలో వెళ్లాం. వేలాడే వంతెన మీద జనం బాగా ఉన్నారు, ఆదివారం కదా. వంతెన దగ్గరే పాత ధర్మశాస్తా గుడి. జలాశయం నిండినప్పుడు గుడి చుట్టూ నీళ్లు వచ్చేస్తాయి. పూజకు తెప్ప మీదో పడవ మీదో పోవాల్సిందే. ఈ మాట విన్నాక చిన్నాయన వంతెన చూడ్డం మానేసి గుడి మెట్ల మీద కూర్చున్నాడు.

ఆయన పుట్టిన ఊరు సంగమేశ్వరం దగ్గర. శ్రీశైలం జలాశయంలో 1981లో మునిగిపోయింది. అప్పుడు లక్ష మందికి పైగా ఊళ్లు వదిలారు. సంగమేశ్వరం గుడి కూడా ఏడాదిలో ఎక్కువ కాలం నీళ్ల కిందే ఉంటుంది, వేసవిలో నీళ్లు తగ్గితే బయటపడుతుంది. ఊరు మునిగాక ఆయనకు ఆ ప్రాజెక్టులోనే ఉద్యోగం వచ్చింది. సున్నిపెంట కాలనీలో కాపురం. తన ఊరిని ముంచిన నీళ్లతోనే బతుకంతా మిషన్లు తిప్పాడు. ఆ మాట ఆయన ఎప్పుడూ అనలేదు, మేం పిల్లలుగా ఉన్నప్పుడు అడిగే ధైర్యమూ లేదు.

ఇక్కడి కథ అంతకు ఇరవై ఏళ్ల ముందుది. ఇడుక్కి జలాశయం కోసం 1961లో అయ్యప్పన్‌కోవిల్ రైతు కుటుంబాలను ఖాళీ చేయించి, వానాకాలంలో కుమిళి దగ్గర అమరావతిలో దింపేశారు. వందల కుటుంబాలు పిల్లాజెల్లాతో వానలో పడ్డాయి. వాళ్ల కోసం కమ్యూనిస్టు నాయకుడు ఎ.కె. గోపాలన్ అమరావతిలో నిరాహార దీక్షకు కూర్చున్నారు. అది కేరళంతా కదిలించింది. డ్యామ్‌లో కాంక్రీటు పడక ముందే, పని మొదలుపెట్టక ముందే, ఈ మనుషులు తమ పొలాలు ఇచ్చేశారు. డ్యామ్ దగ్గర నాకు ఇది చెప్పినవాళ్లు లేరు.

"మనూరి గుడి గూడా ఇట్లనే ఉంటాది పాపా. ఎండాకాలం పోతే సూపిస్తా" అన్నాడు చిన్నాయన. నేను ఇప్పటిదాకా సంగమేశ్వరం చూడలేదు. వచ్చే వేసవికి వెళ్తామని అక్కడే మాటిచ్చాను.

సోమవారం: కుమిళి

కట్టప్పన నుంచి కుమిళికి గంటన్నర. దారంతా యాలకుల తోటలు, చెట్ల కాండాలకు పాకిన మిరియాల తీగలు. కుమిళి అంటే కేరళ, తమిళనాడు సరిహద్దు. ఇంకా ఎగువన, పులుల అభయారణ్యం లోపల ముల్లపెరియార్ డ్యామ్ ఉంది. 1895లో పూర్తయింది, బ్రిటిష్ ఇంజినీరు జాన్ పెన్నీక్విక్ కట్టించాడు. సున్నం, సుర్ఖీ అనే ఇటుక పొడి, రాళ్లతో కట్టిన ఆ డ్యామ్ నుంచి పెరియార్ నీళ్లు సొరంగం గుండా తమిళనాడు వైపు పోయి వైగైలో కలుస్తాయి. మదురై, తేని జిల్లాల పొలాలకు అవే ఆధారం. దాని భద్రత గురించి, నీటిమట్టం గురించి రెండు రాష్ట్రాల మధ్య ఎన్నో ఏళ్లుగా కోర్టుల్లో వాదన నడుస్తూనే ఉంది. అక్కడి నుంచి మిగులు వదిలితే ఆ నీళ్లొచ్చి చేరేది ఇడుక్కి జలాశయానికే. పశ్చిమ కనుమల్లో పుట్టిన ఒక్క నది నీళ్లు తూర్పున వైగైకి కొన్ని, పడమట మూవాట్టుపుళకు కొన్ని, మిగిలినవి ఆలువాకు. ఈ లెక్క తేలే సరికి మా యాత్ర పూర్తయింది.

కుమిళి బస్టాండు పక్క హోటల్లో అనంతపురం నుంచి వచ్చిన అయ్యప్ప స్వాముల బస్సు ఆగి ఉంది. తెలుగు మాట వినబడగానే చిన్నాయన వాళ్ల మధ్యకు వెళ్లిపోయాడు. గురుస్వామి, దర్శనం చేసుకుని తిరిగి వెళ్లేటప్పుడు ఇడుక్కి డ్యామ్ చూసుకుపోవచ్చా, ఎంత టైం పడుతుందని అడిగారు. చిన్నాయన ఇడ్లీ పొట్లం కాగితం తిప్పి, పెన్ను అడిగి తీసుకుని, తొడుపుళ, మూలమట్టం, కుళమావు, చెరుతోణి వరసగా గీసి చూపించాడు. "శని, ఆదివారం అయితేనే పైకి పంపిస్తారు సామీ, ముందు కనుక్కోండి. ఫోన్లు బస్సులో పెట్టిపోండి. మూలమట్టం నుంచి ఎక్కండి, అప్పుడే తెలుస్తాది నీళ్లు యాడికి పోతాండాయో. గోడ మీద నిలబడినప్పుడు నీళ్లవైపే సూడొద్దు, రెండో పక్క కిందికి గూడా సూడండి. అట్లనే చెరుతోణిలో కొలుంబన్ బొమ్మ ఉంటాది, ఆడ ఒక దండ ఏసి పోండి."